ముక్కలు ఎక్కువైన బొంతకు కుదురు

(ఎర్రమంజిల్‌లో జరిగిన మన సంఘం మహిళా కుట్టుతరగతి వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేటా ఈ వేదిక మీద చదువుల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి బొంత గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. నవ్వదగ్గ సంగతి కాదు. బొంత లేని ఇల్లు మనలో ఎక్కడుంది? మీరు గుదడి అనండి, మేము బొంత అంటాము. అందులో పడేది అవే పాత చీరలు, లుంగీలు, చొక్కాలే గదా!

ఆ మాటకొస్తే, మనం కూర్చున్న ఈ పేట పేరే ఒక అతుకు. ఇక్కడి గుట్టను తెలుగులో ఎర్రగడ్డ అనేవారట. నవాబు ఫఖ్రుల్ ముల్క్ ఈ గుట్ట మీద మేడ కట్టించి, స్వర్గవనమని అర్థం వచ్చే ‘ఇరమ్’ మాటతో ఇరమ్ మంజిల్ అని పేరు పెట్టారు. జనం నోట అది ఎర్రమంజిల్ అయింది. రెండు భాషల ముక్కలు కలిశాయి, కుట్టు మాత్రం కనబడదు. బొంత కూడా అలాగే కుదరాలి.

ఇక అసలు సంగతి. మా తరగతికి వచ్చే ఒక ఆపా, కూతురి పెళ్ళి సామాన్లలో పెట్టాలని ఒక బొంత కుట్టుకొచ్చారు. పిల్ల చిన్ననాటి గౌన్లు, నానీ చీరలు, దర్జీ కొట్లలో అడిగి తెచ్చిన చిందీలు, ఇంకా చనిపోయిన భర్త చొక్కాలు, అన్నీ అందులో ఉన్నాయి. కుట్టు ఎంతో శుభ్రంగా ఉంది. కానీ పిల్ల దాన్ని చూసి, “అమ్మీ, కళ్ళు తిరుగుతున్నాయి” అని మడిచి పెట్టెలో పెట్టేసిందట. ఆపా ఆ మాట చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

మేము బొంతను బల్ల మీద పరిచి చూశాము. పిల్ల చెప్పింది నిజమే. పువ్వు పక్కన పువ్వు, గళ్ళ పక్కన గళ్ళు, చుక్కల పక్కన చారలు. పదిమంది ఒక్కసారే మాట్లాడితే ఎవరి మాటా వినబడనట్టు, ఏ ముక్కా కనబడటం లేదు. అప్పుడు మేము ఒక తప్పు సలహా ఇచ్చాము. ఆ వెలిసిన చొక్కాముక్కలు కళావిహీనంగా ఉన్నాయి, వాటిని తీసెయ్యమన్నాము. ఆపా మాట్లాడలేదు. ఆ ముక్కల మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నారు.

ఆ చెయ్యి చూశాక మాకు బుద్ధి వచ్చింది. ఏమీ తీసెయ్యకుండా చేసే మార్గం వెతికాము. అది చెప్పడానికే ఇప్పుడు నిలబడ్డాము.

మొదట పై పొర కుట్లు విప్పి, ముక్కలను మూడు కుప్పలు చేశాము. రంగును బట్టి కాదు సుమా! లేతవి, నడిమివి, ముదురువి అని. ఎరుపు, పచ్చ వేరు రంగులే అయినా, రెండూ ముదురైతే దూరం నుంచి కలిసిపోతాయి. అనుమానం వస్తే కళ్ళు సగం మూసి చూడండి. లేదా సెల్‌ఫోనులో నలుపు తెలుపు ఫోటో తియ్యండి, తేడా తెలిసిపోతుంది.

రెండోది, పక్కపక్కన రెండు పూలగుడ్డలు పెట్టలేదు. నడుమ ఒక సాదాముక్క పెట్టాము. కంటికి ఆగడానికి చోటు కావాలి. ఇళ్ళ మధ్య గల్లీ లేకపోతే మనిషి ఎలా నడుస్తాడు?

మూడోది, ఆ గల్లీలే. ముక్కలను కలిపి 10 అంగుళాల గడులు చేశాము. అడ్డం 5, నిలువు 7, మొత్తం 35. గడికీ గడికీ మధ్య 2 అంగుళాల సాదాపట్టీ వేశాము. కుట్టులో రెండు వైపులా పావు అంగుళం పోతుంది గనుక రెండున్నర అంగుళాలు కత్తిరించుకోవాలి. ఆ పట్టీలకు గుడ్డ ఏదనుకున్నారు? ఆయన చొక్కాలే! లేత నీలం, తెలుపు, వెలిసిన బూడిదరంగు. నాలుగు చొక్కాలు సరిపోయాయి. కళావిహీనమన్న ముక్కలే బొంతకంతటికీ కుదురు తెచ్చాయి. చుట్టూ ముదురు నీలం అంచు ఒకటి 4 అంగుళాలు వేశాము.

ఇలాంటి పని మనమే చేశామనుకోకండి. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో మిస్సోరి పెట్వే అనే నల్లజాతి స్త్రీ, 1942లో భర్త పోయాక, ఆయన పొలం పనికి తొడుక్కున్న బట్టలతో బొంత కుట్టుకుంది. ఆయనను తలచుకుంటూ కప్పుకోవడానికి. వెలిసిన పెద్ద ముక్కలు, పొడుగు పట్టీలు, అంతే. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గీస్ బెండ్ బొంతలను గోడలకు వేలాడదీసి ప్రదర్శిస్తే జనం వెళ్ళి చూశారు.

దగ్గరి ఉదాహరణ కావాలా? కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలను చూడండి. వారి పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు. మన ఏ.సి. గార్డ్స్ పేరు కూడా నిజాం ప్రభువు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దళం నుంచి వచ్చిందే. సిద్దీ స్త్రీలు బొంతను ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకొస్తారు. ముక్కలు ఎన్ని రకాలైనా ఆ కుట్టు వరసలు అన్నింటినీ ఒక్కటి చేస్తాయి. మేము కూడా బొంతంతా ఒకే రంగు దారంతో దగ్గరదగ్గరగా కుట్టాము.

మరి కుట్టేసిన బొంతను విప్పే ఓపిక లేకపోతే? కనీసం చుట్టూ వెడల్పాటి సాదా అంచు వెయ్యండి, పైన ఒకే దారంతో మరో వరస కుట్లు పొయ్యండి. కొంత నెమ్మదిస్తుంది. కొత్తగా కుట్టేవారు, మరీ మెరిసే నూలుముక్కలను ముందే చిక్కటి టీ డికాక్షన్‌లో నానబెట్టి ఆరబెడితే రంగు తగ్గుతుంది. పాలిస్టరుకు ఇది పట్టదు. ముదురు ఎరుపు, నీలం గుడ్డలను తడి తెల్లగుడ్డతో రుద్ది చూడటం మరువకండి. రంగు వదిలితే బొంతంతా పాడవుతుంది.

చివరికి పిల్ల ఏమన్నదంటారా? బొంత పరిచాక చాలాసేపు చూసింది. గౌనుముక్క గుర్తుపట్టింది, నానీ చీర గుర్తుపట్టింది. తరువాత పట్టీల మీద వేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా జరుపుకుంటూ వచ్చి, “ఇదంతా అబ్బాయే” అన్నది. ఆ బొంత ఇప్పుడు అత్తవారింట్లో పెట్టెలో లేదు, మంచం మీద ఉంది.

సోదరీమణులారా, మీ ఇంట్లో పాతబట్టల మూట విప్పినప్పుడు, ఏ ముక్క పనికిరాదని తేల్చేముందు దాని చోటు మార్చి చూడండి.