క్యాబిన్‌లో ఇద్దరు

 

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు సినిమా హాళ్లలో పనికి వెళ్తున్నారని విన్నాను. అందుకే ప్రొజెక్టర్ క్యాబిన్ గురించే మాట్లాడతాను.

రీళ్ల రోజుల్లో క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లుండేవి. ఒకదాని మీద రీలు అయిపోవస్తుంటే తెర కుడివైపు పైమూల చిన్న మచ్చ మెరిసేది. ఇక ఎనిమిది సెకన్లే గడువు. ఆలోగా రెండో యంత్రం వేగం అందుకోవాలి, రెండో మచ్చ కనబడగానే బొమ్మ దాని మీదికి మారాలి. అంతకుముందే కార్బన్ కడ్డీలు వెలిగించి, కాలిపోతున్నకొద్దీ దగ్గరకు జరుపుతుండాలి. ఆపరేటర్ ఇటు, అసిస్టెంటు అటు. ఒకరు ఏమరితే తెర తెల్లబోయేది, నేల క్లాసులో ఈలలు మొదలయ్యేవి.

ఇప్పుడు సినిమా హార్డ్‌డిస్కులోనో శాటిలైట్ ద్వారానో వస్తోంది. ఇక ఒక్కడు చాలంటారు. నేను ఒప్పుకోను. డిజిటల్ సినిమా తెరుచుకోవడానికి ఇచ్చే కీ ఒక్క సర్వర్‌కే, ఒక గడువు వరకే పనిచేస్తుంది. చెడిపోయిన సర్వర్ తీసి మెకానిక్ వేరేది బిగించి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతే, అన్ని యంత్రాలూ బాగున్నా మార్నింగ్ షో పడదు. ఎలక్ట్రీషియన్ ఎగ్జాస్ట్ ఆపి ఆపరేటర్‌కు చెప్పకపోతే ప్రొజెక్టర్ వేడెక్కి ఆరిపోతుంది. రెండుచోట్లా అందనిది కబురే. ఈపురుపాలెం లాంటి మగ్గాల ఊరివాళ్లకు ఇది కొత్త కాదు: మగ్గం గుంటలో కూర్చునేది ఒకరే అయినా, కండెలు చుట్టేవాళ్లు అందిస్తేనే చీర దిగుతుంది.

సినిమా వేసేచోటే కాదు, తీసేచోటా అంతే. రేపల్లె దగ్గరి పెదపులివర్రులో పుట్టిన కె. విశ్వనాథ్ గారిని దర్శకుడిగానే తలుచుకుంటాం. ఆయన మొదలుపెట్టింది మద్రాసు వాహినీ స్టూడియో సౌండ్ విభాగంలో, ఎ. కృష్ణన్ గారి దగ్గర. దర్శకుడిగా తొలి చిత్రం ‘ఆత్మగౌరవం’ ఆ తర్వాతే వచ్చింది. సౌండ్ మనిషి ‘సరిగా రాలేదు’ అంటే ఎంత పెద్ద నటుడైనా డైలాగు మళ్లీ చెప్పాల్సిందే. ఆ మాట అనేవాడూ, విని ఊరుకోకుండా సరిచేసేవాడూ ఉన్నచోటే పని నిలుస్తుంది.

అందుకే, హాల్లో పనికి చేరిన రోజే లాగ్‌బుక్ ఎక్కడుందో అడగండి. లేకపోతే ఒక నోటుపుస్తకం కొనండి. ల్యాంపు ఎన్ని గంటలు వెలిగింది, ఫిల్టర్ ఎప్పుడు శుభ్రం చేశారు, ఏ స్పీకర్‌లో గరగర వచ్చింది, అన్నీ రాయండి. గంటలు మీరిన జినాన్ ల్యాంపు పేలిపోవచ్చు, కాబట్టి ఆ లెక్క దాచొద్దు. పొరపాటు మీదైనా సరే, రాయండి.

హాళ్ల యజమానులు ఇక్కడుంటే వారికీ ఒక మాట. రాసినవాడి మీద కేకలేస్తే, మర్నాటి నుంచి ఆ పుస్తకంలో ఎవరూ ఏమీ రాయరు.