కెమెరా ఉలకనప్పుడు, పలకనప్పుడు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలుస్తూ "ఇప్పుడు మన సాంకేతిక నిపుణులు మాట్లాడతారు" అన్నారు. ఆ మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కకముందే సవరించాలి. నేను సబ్ ట్రెజరీలో గుమాస్తాగా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. స్క్రూడ్రైవరు చేతపట్టింది డెబ్భై దాటాకే. అయితే ఈ రెండేళ్లలో మన సభ్యుల ఇళ్లలో మూగబోయిన కెమెరాలు ఐదింటిని మళ్లీ పలికించిన మాట నిజం. అందులో నా విద్వత్తేమీ లేదు. ఆగిపోయిన బిల్లు ఏ బల్ల దగ్గర ఆగిందో వెతకడమే నా ఉద్యోగమంతా. ఇక్కడా అదే చేశాను.

మనలో చాలామంది పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల అవతలో ఉన్నారు. సెలవులకు వచ్చినప్పుడు గోడకు ఒక కెమెరా బిగించి, "ఇక మాకు బెంగ లేదు నాన్నా" అని వెళ్లిపోతారు. అది పనిచేసినన్నాళ్లు బెంగ లేని మాట నిజమే. ఒకనాడు వాళ్ల ఫోనులో "డివైస్ ఆఫ్‌లైన్" అని పడుతుంది. కష్టాలు అక్కడ మొదలవుతాయి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. 2023 జులైలో ఒక రాత్రి ఉరుములు, మెరుపులు, కుండపోత వాన. మా ఆవిడ పిడుగు భయంతో హాల్లో రౌటరు స్విచ్చి కట్టేసి పడుకుంది. నేను నా ఫోను సైలెంటులో పెట్టాను. ఆమె ఫోను వంటింట్లో ఉంది. రాత్రి ఒంటిగంటన్నర అంటే న్యూజెర్సీలో సాయంత్రం నాలుగు. మా అబ్బాయి ఆఫీసులో టీ తాగుతూ కెమెరా తెరిచి చూశాడు. ఆఫ్‌లైన్. నాకు పన్నెండుసార్లు ఫోను చేశాడు. వాళ్ల అమ్మకు చేశాడు. జవాబు లేదు. ఆ భయంలో పక్కింటి మాస్టారికి చేశాడు. మాస్టారికి నాకంటే రెండేళ్లు ఎక్కువ. పాపం, ఆయన టార్చిలైటు పట్టుకుని వానలో పరుగెత్తుకొచ్చి, మా గేటు దగ్గర పాచి పట్టిన మెట్టు మీద జారిపడ్డారు. కుడిచేతి మణికట్టు ఎముక విరిగింది. ఆయన కేక విని మేము తలుపు తీశాం. మేము నిక్షేపంగా నిద్రపోతున్నాం! "మీరు బాగున్నారు కదా, అంతే చాలు" అన్నారాయన, చెయ్యి పట్టుకుని. ఆరు వారాలు కట్టు. ఎడమచేత్తో అన్నం కలుపుకుంటుంటే చూడలేక తల దించుకునేవాణ్ణి.

ఆ మర్నాటి నుంచే నేను ఈ చదువు మొదలుపెట్టాను.

మొట్టమొదట తెలుసుకోవలసింది ఆఫ్‌లైన్ అన్న మాటకు అర్థం. దొంగ పడ్డాడనీ కాదు, కెమెరా చచ్చిపోయిందనీ కాదు. కెమెరా నుంచి కంపెనీవారి కంప్యూటరుకు కబురు అందడం మానేసింది, అంతవరకే. బొమ్మ కెమెరాలో పుట్టి, గాలిలో వైఫై ద్వారా రౌటరుకు వచ్చి, అక్కణ్ణుంచి ఫైబరు తీగ పట్టుకుని బయటకు పోయి, కంపెనీవారి సర్వరు మీదుగా మన పిల్లల ఫోనుకు చేరుతుంది. దారిలో ఎక్కడ తెగినా ఫోనులో కనిపించే మాట ఒక్కటే. ఒకటో తారీకున పింఛను జమ పడకపోతే ట్రెజరీ ఎత్తేశారని ఎవరూ అనుకోరు కదా! బిల్లు ఎక్కడుందో అడుగుతాం. ఇదీ అంతే. అడగవలసిన వరుస మాత్రం తప్పకూడదు.

కెమెరా మీద చిన్న దీపం ఉంటుంది. అది అసలు వెలగకపోతే కరెంటు సంగతి చూడాలి. బాగున్నప్పుడు ఏ రంగులో వెలుగుతుందో ఈ రోజే ఇంటికి వెళ్లి చూసి రాసిపెట్టుకోండి. కంపెనీని బట్టి రంగులు మారతాయి గనుక నేను చెప్పే రంగు మీకు పనికిరాదు. దీపం లేకపోతే ప్లగ్గు వదులుగా ఉందా, స్విచ్చి ఎవరైనా కట్టేశారా, అడాప్టరు పోయిందా చూడాలి. అడాప్టరు మీద వోల్టులు అచ్చువేసి ఉంటాయి. మన సభ్యుడొకాయన పిన్ను సరిపోయింది కదా అని టీవీ పెట్టె తాలూకు 12 వోల్టుల అడాప్టరు తెచ్చి 5 వోల్టుల కెమెరాకు తగిలించారు. పొగ వచ్చింది. ఇంకొక విచిత్రం వినండి. ఒక ఇంట్లో కెమెరా పగలంతా బాగానే ఉండి, చీకటి పడగానే ఆఫ్‌లైన్ అయ్యేది. ఇంట్లోవాళ్లు గాలీ ధూళీ అనుకునేదాకా వచ్చారు. పాత ఫోను చార్జరు వాడుతున్నారు. రాత్రి చూపు కోసం కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగితే కరెంటు ఎక్కువ కావాలి. ఆ చార్జరు అంత ఇవ్వలేక కెమెరా సొమ్మసిల్లిపోయేది. కెమెరాతో వచ్చిన అసలు అడాప్టరు అట్టపెట్టెలోనే భద్రంగా ఉంది! అది పెట్టగానే దయ్యం వదిలింది.

కరెంటు సరిగా ఉంటే ఇంటర్నెట్టు చూడాలి. ఇక్కడ మనమందరం ఒకే పొరపాటు చేస్తాం. ఫోనులో వార్తలు వస్తున్నాయి గనుక ఇంట్లో నెట్టు బాగుందనుకుంటాం. అది ఫోను సొంత డేటా కావచ్చు. మొబైల్ డేటా కట్టేసి, ఇంటి వైఫై మీద మాత్రమే ఒక పేజీ తెరిచి చూడాలి. రాకపోతే ఫైబరు తీగ వచ్చే పెట్టె మీద ఎల్.ఓ.ఎస్. అనే అక్షరాల దగ్గర ఎర్రదీపం ఉందేమో చూడండి. ఉంటే వెలుతురు కబురు మీ పెట్టెదాకా రావడం లేదన్నమాట. తీగ పెట్టెలో సరిగా దూరి ఉందో లేదో చూడండి. అది బాగుంటే తెగింది చాలాసార్లు వీధిలోనే. మా వీధిలో ఆ పని కోతులు చేస్తాయి. ఇంట్లో మీరు ఎన్ని మీటలు నొక్కినా లాభం లేదు. ఫిర్యాదు చేసి, ఆ నంబరు రాసుకుని కూర్చోవాలి. ఎర్రదీపం లేకుండా నెట్టు రాకపోతే బిల్లు గడువు చూసుకోండి. నవ్వకండి, ఐదు ఇళ్లలో ఒక ఇంట్లో కారణం అదే. అన్నీ సవ్యంగా ఉంటే ఫైబరు పెట్టె, రౌటరు, కెమెరా మూడింటి ప్లగ్గులూ పీకి, ఒక గ్లాసు మంచినీళ్లు తాగి, అదే వరుసలో మళ్లీ పెట్టండి. ఒక్కొక్కటి లేచి కూర్చోవడానికి రెండు మూడు నిమిషాలు ఇవ్వాలి. తొందరపడి మళ్లీ పీకితే మళ్లీ మొదటికొస్తుంది.

నెట్టు ఉంది, కెమెరాకు దీపమూ ఉంది, అయినా పలకడం లేదంటే ఆ రెండింటి మధ్య స్నేహం చెడింది. మాకు కిందటేడు ఇలాగే అయింది. నెట్టు కుర్రాడు వచ్చి ఉచితంగా కొత్త రౌటరు పెట్టి, ఫోన్లు రెండూ కలిపి వెళ్లాడు. దాని పేరూ పాస్‌వర్డూ కొత్తవి. కెమెరా మాత్రం పాత పేరు కోసమే వెతుక్కుంటూ ఉండిపోయింది. మర్నాడు మేము పెళ్లికి హైదరాబాదు వెళ్లాం. ఊరు వెళుతూ మేమే కట్టేశామని అబ్బాయి అనుకున్నాడు. అబ్బాయి చూస్తున్నాడని మేము అనుకున్నాం. పదకొండు రోజులు తాళం వేసిన ఇంటికి కాపలా లేదు. ఏమీ పోలేదు, అది మా అదృష్టం. దీనికి సులువు ఉంది. కొత్త రౌటరుకు పాత పేరు, పాత పాస్‌వర్డే అక్షరం పొల్లుపోకుండా, ఇంగ్లీషు పెద్ద అక్షరాలు చిన్న అక్షరాలు సహా పెట్టించండి. సాధారణంగా కెమెరా తనంత తానే వచ్చి కలుస్తుంది. రౌటర్లు రెండు రకాల తరంగాలు ఇస్తాయి: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. రెండోది వేగం ఎక్కువ, గోడలు దాటడం తక్కువ. తక్కువ ఖరీదు ఇంటి కెమెరాలు చాలామటుకు 2.4 మాత్రమే గుర్తిస్తాయి. ఆ సంగతి ఆ కుర్రాడికి మీరే చెప్పాలి. రౌటరును ఇనపబీరువా వెనక దాచకండి. పాతకాలపు లావుపాటి గోడలు రెండు దాటేసరికే ఆ తరంగానికి ఊపిరి ఆగిపోతుంది.

ఇక రీసెట్టు. సన్నటి బెజ్జంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కితే కెమెరా తనకు తెలిసిన వైఫై పేరూ అదీ మరిచిపోతుంది. మన కుర్రాళ్లు మొట్టమొదట చెప్పే సలహా ఇదే. నేను చెప్పేది, ఇది చిట్టచివర. నేను ఒకసారి ఆవేశపడి నొక్కాను. తీరా మళ్లీ కలపబోతే, ఈ కెమెరా వేరొకరి ఖాతాకు చెందినదని వచ్చింది. ఆ వేరొకరు మా అబ్బాయే. అతను తన ఖాతాలోంచి తీసేసేదాకా నేను అపరిచితుణ్ణి. రెండు రోజులు పట్టింది. అంచేత ఖాతా తల్లిదండ్రుల పేర పెట్టి, పిల్లలకు చూసే హక్కు ఇవ్వడం మేలు.

లోపల చిప్పు కార్డు ఉన్న కెమెరాలు చాలావరకు నెట్టు లేకపోయినా, కరెంటు ఉంటే, కార్డులో రాసుకుంటూనే ఉంటాయి. కనుక ఆఫ్‌లైన్‌లో ఏదైనా జరిగితే కంగారుపడి ఫార్మాట్ అన్న మాట మీద వేలు పెట్టకండి, ఉన్న సాక్ష్యం పోతుంది. కరెంటే లేకపోతే కార్డూ గుడ్డిదే. కెమెరాను, రౌటరును ఇన్వర్టరు మీద పెట్టించుకోండి.

ఒక హెచ్చరిక చేయకుండా ముందుకు పోలేను. మన సభ్యుడొకాయన కెమెరా ఆగిందని కస్టమర్ కేర్ నంబరు కోసం ఫోనులో వెతికి, దొరికిన నంబరుకు చేశారు. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, ఫోను తెర వాడికి కనిపించే ఆప్ ఒకటి వేసుకోమన్నాడు. తర్వాత పది రూపాయలు కట్టమన్నాడు. ఆయన కోడలు చూసి ఫోను లాక్కుంది గనుక పింఛను ఖాతా మిగిలింది. నంబరు అట్టపెట్టె మీదిదే వాడండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. అలాగే కెమెరాతో వచ్చిన పాస్‌వర్డును అలాగే ఉంచకండి. 2016లో మిరాయ్ అనే చెడ్డ ప్రోగ్రాము ఇలా పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షల్లో వశపరచుకుని, అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే కొన్ని గంటలు ఆపేసింది.

చివరగా ఒక ఇంటి గుట్టు. మొన్న వేసవిలో మా హాలు కెమెరా మధ్యాహ్నం పూట తరచు ఆగిపోయేది. నేను అడాప్టరు మార్చాను, రౌటరు జరిపాను, మూడు పేజీలు నోట్సు రాశాను. నాలుగో రోజు మా ఆవిడ "ఏవండీ, ఊరికే హైరానా పడకండి, నేనే కట్టేస్తున్నాను" అంది. వాళ్ల చెల్లెలు వచ్చినప్పుడు మనసు విప్పి మాట్లాడుకోవాలన్నా, తలారా స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకోవాలన్నా ఎవరో చూస్తున్నట్టే ఉంటుందట. "వాడు నా కొడుకే, కాదనను. అయినా నా ఇంట్లో నేను నాటకంలో ఉన్నట్టుంది" అంది. నాకు నోట మాట రాలేదు. రెండేళ్లుగా ఆమెను ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఆ సాయంత్రమే అబ్బాయితో మాట్లాడి, ఆ కెమెరాను వీధి వరండాకు మార్చాం, మెట్టు కనిపించేలా.

అబ్బాయితో ఒక ఒప్పందం కూడా రాసుకున్నాం. ఉరుములొస్తే ప్లగ్గులు పీకుతాం. స్విచ్చి కట్టినంత మాత్రాన చాలదు. పీకేముందు అతనికి ఒక ముక్క మెసేజి పెడతాం. కెమెరా పలకకపోతే అతను ముందు ఫోను చేస్తాడు. ఫోను సైలెంటులో ఉన్నా కోరినవారి పిలుపు మాత్రం మోగేలా ఏర్పాటు ఉంటుంది. ఇద్దరి ఫోన్లలోనూ పెట్టించాను. అప్పటికీ మేము పలకకపోతే పిలవవలసింది మాస్టారిని కాదు, ఆయన పైవాటాలో ఉండే కుర్రాణ్ణి. ఆ కుర్రాడు ఒప్పుకున్నాకే నంబరు రాశాం.

మాస్టారు ఈ సభలోనే మూడో వరుసలో కూర్చున్నారు. చెయ్యి బాగానే ఉంది గానీ చలికాలం లాగుతుందంటారు. ఆ మెట్టుకు కొత్తగా గరుకు బండ వేయించాను.

ఎవరి కెమెరా అయినా ఆగితే మంగళవారం సాయంత్రం సంఘ భవనానికి రండి. వచ్చేటప్పుడు అట్టపెట్టె, అడాప్టరు, వైఫై పాస్‌వర్డు రాసిన కాగితం తెచ్చుకోండి. పిన్ను మాత్రం గుచ్చకుండా రండి.