సూరత్తు నగరము – ప్లేగు తరువాత



1994 సెప్టెంబరులో గుజరాతు రాష్ట్రమందలి సూరత్తు నగరమున ప్లేగు వ్యాధి పొడసూపినది. మృతుల సంఖ్య వందకు చాల లోపుగనే ఉండెను. కాని నగరము విడిచి పారిపోయినవారు లక్షల సంఖ్యలో నుండిరి. వజ్రములకు సానపట్టు కర్మాగారములు, మరమగ్గముల శాలలు మూతపడినవి. 1991 లెక్కల ప్రకారము 15 లక్షల జనాభా గల నగరమది. సంపదకు లోటు లేదు. వానలకు నీరు నిలిచిన పేటలలో చెత్త ఎత్తివేయు దిక్కు మాత్రము లేకపోయెను.

ఆ పేటలలో మనవారును ఉన్నారు. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ జిల్లాల నుండి బ్రతుకుతెరువునకై వలసపోయిన పద్మశాలీ కుటుంబములు లింబాయత్ వంటి ప్రాంతములలో స్థిరపడియున్నవి. కావున సూరత్తు పారిశుద్ధ్యము మనకు పరాయి విషయము కాజాలదు.

1995 మే నెలలో సూర్యదేవర రామచంద్రరావుగారు అచ్చట మునిసిపల్ కమీషనరుగా బాధ్యత స్వీకరించిరి. ఇంటిపేరు వినినంతనే ఏ భాషవారో ఈ సభకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆయనకు క్రొత్త చట్టము అవసరము కాలేదు. 1949 నాటి బొంబాయి ప్రాంతీయ నగరపాలక సంస్థల చట్టమే చాలినది. అందు కమీషనరునకు ఈయబడిన అధికారములు అదివరకు బీరువాలో నిద్రించుచుండెను. నగరమును ఆరు జోనులుగా ఏర్పరచి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అధికారిని నియమించి, తన పాలనాధికారములను, వ్యయాధికారములను వారికి పంచియిచ్చిరి. తన సంతకమునకై ఫైలు రానక్కరలేకుండ చేసికొనుట ఎంత కష్టమో ఇచ్చటి పెద్దలు పలువురు ఎరుగుదురు!

ఇక దినచర్య. ఉదయము అధికారులు వీథులలో నుండవలెను. మధ్యాహ్నము సమీక్షా సమావేశము. ఉదయము కంటబడిన లోపమునకు ఆ మధ్యాహ్నమే సమాధానము చెప్పవలెను. దీనికి "ఏ.సి. నుండి డి.సి.కి" అని చమత్కారముగ పేరు వచ్చినది, చల్లని గది నుండి నిత్యపు పనులకు అని దాని తాత్పర్యము. రాత్రివేళ ప్రధాన వీథులను గీకి ఊడ్చుట ఆరంభమైనది. చెత్త పారవేసినవారికి, శుభ్రత లేని భోజనశాలలకు జరిమానాలు పడినవి. జ్వరముల లెక్కలు ఆసుపత్రుల నుండి ఏనాటికానాడు కార్యాలయమునకు చేరసాగెను. కుళాయి నీటిని దినదినము పరీక్షింపసాగిరి. చేసిన పనులన్నిటిలోను ఇదియే మేలైనదని చెప్పవచ్చును. అయితే పత్రికలకు దీని ఫోటో తీయుట సాధ్యము కాదు కదా!

రోడ్ల విస్తరణలో పలుకుబడి గలవారి అక్రమ కట్టడములును కూలినవి; ప్రజలు హర్షించిరి. వీథిప్రక్కన చిల్లర వ్యాపారము చేసికొనువారికి మాత్రము అవి కష్టదినములే. కీర్తియంతయు ఒక్కని ఖాతాలో వ్రాయుటయు న్యాయము కాదు. చీపురు పట్టినవారు వేలమంది.

కొలదికాలములోనే ఇంటాక్ సంస్థ పరిశీలనలో సూరత్తు చండీగఢ్ తరువాత రెండవ పరిశుభ్ర నగరముగ నిలిచినది. 1997లో రావుగారు వెడలిపోయిరి. అసలు పరీక్ష అప్పుడు మొదలైనది. మనిషి వెళ్ళినను పద్ధతి నిలిచినది. 2011 నాటికి జనాభా 44 లక్షలు దాటినను చీపురు ఆగలేదు. 2014లో బామ్రోలీ వద్ద రోజునకు 4 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రము నెలకొన్నది. ఆ నీటిని పండేసరా పారిశ్రామికవాడకు వెలకు అమ్మసాగిరి. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోరుతో కలిసి ప్రథమ స్థానము లభించినది.

బహుమతుల మాట అటుంచి, ఒక చిన్న విషయము. ఆ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల భాషలతోపాటు తెలుగులోను నడచుచున్నవి. మరమగ్గమువద్ద పండ్రెండు గంటలు నిలబడు తండ్రి బిడ్డకు నగరపు ఖర్చుతో తెలుగు ఓనమాలు దిద్దించుచున్నారు. 1994లో మూటగట్టుకొని రైలెక్కినవారిలో చాలమంది తిరిగి వచ్చి అచ్చటనే కాపురములు సాగించిరి. సమాజ సభ్యులెవరైన ఆ దారిని వెళ్ళునపుడు లింబాయత్ వైపు పోయి అట్టి బడిని చూచిరావలెను. వెంట నాలుగు తెలుగు పుస్తకములు పట్టుకొనిపోయినచో మరియు మంచిది.