పెద్దలు తమ ఇంట్లోనే క్షేమంగా ఉండాలంటే



డిశ్చార్జి రోజు దగ్గర పడేకొద్దీ వార్డులో పెద్దవారు మమ్మల్ని అడిగే మాట ఒకటుంది: "నన్ను మా ఇంటికే పంపుతారా, సిస్టరమ్మా?" అలవాటైన గది, అరుగు, పలకరించే ఇరుగుపొరుగు అక్కడే ఉన్నాయి కదా! ఆ కోరిక తీర్చడం చాలావరకు మీ చేతుల్లోనే ఉంది. అందుకు వారి పేరున కొంత సాయం కూడా అందుతుంది.

పెద్ద వయసులో మనిషిని మంచాన పడేసే ముఖ్య కారణాల్లో జారిపడటం ఒకటి. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, ఆపైన వారాల తరబడి మంచం, పడక పుళ్ళు, ఊపిరితిత్తుల్లో నిమ్ము. చాలామంది మళ్ళీ మునుపటిలా నడవలేరు. అయితే జాగ్రత్త పడితే ఈ ప్రమాదాన్ని చాలా తగ్గించవచ్చు.

అందే సాయం ఏమిటి?

1. పెన్షన్: ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పెన్షన్‌ను 2024లో నెలకు 4,000 రూపాయలకు పెంచారు. పక్షవాతంతో మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమై, అర్హత పొందినవారికి 15,000 చేశారు. తెలంగాణలో 2019లో వృద్ధుల పెన్షన్‌ను 2,016 రూపాయలు చేశారు.

2. పరికరాలు: కేంద్ర ప్రభుత్వం 2017లో రాష్ట్రీయ వయోశ్రీ యోజనను ప్రారంభించింది. 60 ఏళ్ళు నిండిన పేద వృద్ధులకు వారి అవసరాన్ని బట్టి చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కళ్ళజోడు, కట్టుడు పళ్ళు ఈ పథకం కింద ఉచితంగా ఇస్తారు. శిబిరాల్లో పరీక్షించి ఎంపిక చేస్తారు.

3. ఎల్డర్‌లైన్: ఎవరిని అడగాలో తెలియకపోతే 14567కు ఫోన్ చేయండి. ఇది వృద్ధుల కోసం నడిపే ఉచిత ఫోన్ సేవ.

ఆ సొమ్మును ఎలా వాడాలి?

పెన్షన్ డబ్బు పిల్లల ఫీజుకో, అప్పు వడ్డీకో సర్దుబాటు అయిపోతుందని మాకు తెలుసు. మీ ఇబ్బందులు మాకు తెలియనివి కావు. అయినా అందులో కొంతైనా ఈ పనులకు తీసి పెట్టండి. తుంటి విరిగితే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

• స్నానాల గదిలో, మరుగుదొడ్డిలో గోడకు గట్టి ఇనుప కడ్డీ బిగించండి. తువ్వాలు వేసే కడ్డీ మనిషి బరువు ఆపదు.
• గచ్చు మీద పాచి తీయించండి. తడి వెంటనే తుడవండి.
• మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా చిన్న బల్బు వెలగనివ్వండి.
• కూర్చుంటే పాదాలు నేలకు ఆనేంత ఎత్తులోనే మంచం ఉండాలి.
• అరిగిన చెప్పులు మార్చండి.

చేతికర్ర విషయంలోనూ జాగ్రత్త. నిలబడి చేయి కిందికి వదిలితే కర్ర పిడి మణికట్టు దగ్గరకు రావాలి. నొప్పి ఉన్న కాలు కుడిదైతే కర్ర ఎడమ చేత్తో పట్టుకోవాలి. అడుగున రబ్బరు అరిగితే మార్చండి.

బి.పి. మాత్రలు వాడేవారు నిద్ర లేవగానే ఒక్కసారిగా నిలబడకూడదు. కాసేపు మంచం అంచున కూర్చుని లేవాలి. కళ్ళు తిరుగుతుంటే డాక్టరుగారికి చెప్పండి. మాత్రలు మీకై మీరు మానిపించవద్దు.

ఏ మార్పు చేసినా ముందు పెద్దవారిని అడిగి చేయండి. ఆ ఇల్లు వారిది కూడా. ఈ రోజు ఇంటికి వెళ్ళాక, వారు రాత్రిపూట నడిచే దారిలో మీరు నెమ్మదిగా నడిచి చూడండి. మీ కాలికి ఏది అడ్డు తగిలిందో ముందు దాన్ని తొలగించండి.

సెలవు.