గాలిని కొలుచుట
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



పాఠశాల ప్రగతి నివేదిక నింతకుముందే వింటిరి. ఇక మీ బిడ్డలు రేయింబవళ్లు పీల్చుచున్న గాలిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. బియ్యమును తూచి, పాలను కొలిచి పుచ్చుకొను మనము గాలిని మాత్రము కొలువకయే పీల్చుచున్నాము. గాలి కంటికి కనబడదు గదా, దానిని కొలుచుటెట్లని మీ రడుగవచ్చును.

మొదట బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును తీసికొందము. హవాయి ద్వీపములలో మౌనాలోవా యను అగ్నిపర్వతముపై, సుమారు 3,400 మీటర్ల యెత్తున, ఒక పరిశోధనశాల కలదు. 1958వ సంవత్సరము మార్చి నెలలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు అచ్చట ఈ వాయువును కొలుచుట ప్రారంభించెను. అంత దూరమేల యనగా, ఊళ్ల పొగయు, అడవుల ప్రభావమును సోకని చోటనే భూమండలపు గాలి నిజస్థితి తెలియును. ఈ వాయువునకు కంటికి కనబడని వేడి కిరణములను పీల్చుకొను స్వభావము కలదు. గొట్టములోనికి గాలిని పంపి, ఆ కిరణములను ప్రసరింపజేసి, ఎంత తగ్గినవో చూచి వాయువు పాలును లెక్కింతురు. కొలత తెలిసిన వాయువుతో యంత్రమును మాటిమాటికి సరిచూతురు. పర్వత బిలముల నుండి వాయువు వీచిన వేళల లెక్కను విడిచిపెట్టుదురు.

1959లో పది లక్షల పాళ్ల గాలిలో సగటున 316 పాళ్లున్న ఈ వాయువు 2024 నాటికి 424 పాళ్లను మించినది. ఉత్తరార్ధగోళమున చెట్టుచేమలు పెరుగు కాలమున కొంత తగ్గును; తరువాత మరల హెచ్చును; ఏటికేడు మాత్రము పైకే పోవుచున్నది. 1964లో ధనాభావముచే కొన్నినెలలు కొలతలు నిలిచిపోయెను. ఆ నెలల గాలిని మరల తెచ్చి కొలుచుట యెవరి తరము?

రెండవది గాలిలోని రేణువులు. వీనిలో 2.5 మైక్రోమీటర్లకు మించనివి తలవెంట్రుక మందములో సుమారు ముప్పదియవ వంతు మాత్రమే. ఇవి ముక్కున నిలువక ఊపిరితిత్తుల లోతునకు పోవును. వీనిని కొలుచుటకు ఒక వడపోత బిళ్లను ముందుగా తూచి, దాని గుండ ఒక దినము గాలిని లాగి, మరల తూతురు. సాధారణముగా ఇరువదినాలుగు గంటలలో 24 ఘనమీటర్ల గాలి లాగబడును. మన దేశమున 2009లో నిర్ణయించిన దినపరిమితి ఘనమీటరునకు 60 మైక్రోగ్రాములు. ఆ లెక్కను బిళ్లపై చేరునది 1.44 మిల్లీగ్రాములు, అనగా ఇంచుమించు నువ్వుగింజలో సగము! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన దినపరిమితి యందులో నాలుగవ వంతే, అనగా 15 మైక్రోగ్రాములు.

ఈ రెండు కొలతలకును భేదము గమనింపుడు. బొగ్గుపులుసు వాయువు లోకమంతటను కలిసిపోయి చిరకాలము నిలుచును. కనుక దానిని ఏకాంతపు కొండపై కొలువవచ్చును. రేణువులు పుట్టినచోటనే దట్టముగా నుండి, కొలది దినములలో నేల రాలును, లేదా వానతో దిగిపోవును. కావున కొండమీది యంకె మన వీధి సంగతి చెప్పజాలదు. దానిని మన వీధిలోనే కొలువవలెను. అందులో మన దోషమెంతయో మన యుపకారమును అంతయే.

బిడ్డల ఊపిరితిత్తులు ఇంకను ఎదుగుచున్నవి. వారు పరుగెత్తి యాడునప్పుడు మరింత గాలిని పీల్తురు. అందుచే మీకు మూడు విన్నపములు. ఎండుటాకులను, చిత్తుకాగితములను, ప్లాస్టిక్కు సంచులను బడి పరిసరములలోగాని ఇంటి వాకిటగాని తగులబెట్టకుడు. ఆకులను గోతిలో వేసిన ఎరువగును. బడి విడుచు వేళ వాకిట నిలిచినప్పుడు మీ బండ్ల యింజనుల నాపుడు. వంటయింటి పొగ వెలుపలికి పోవు దారి నేర్పరచుడు. పొయ్యి మండుచుండగా పసిబిడ్డల నచ్చట కూర్చుండబెట్టకుడు.

వీనికి ధనవ్యయము స్వల్పము. సగము నువ్వుగింజ యెత్తు ధూళి యైనను మన బిడ్డల రొమ్ములోనికి పోనీయకుండ జూచుట మన విధి. మీరెల్లరు నా విన్నపమును మన్నింతురని నమ్ముచున్నాను.