మొదటి గుర్తు చేతికే తెలుస్తుంది

ఈ నర్సుల సభకి అధ్యక్షత వహించమన్నప్పుడు ఏం మాట్లాడాలా అని నేను వెతుక్కోలేదు. బెడ్ సోర్ గురించే మాట్లాడాలనుకున్నాను. 2016 నుంచి పుస్తకాల్లో దీన్ని ప్రెషర్ ఇంజ్యురీ అంటున్నారు. చర్మం చిట్లకముందే లోపల దెబ్బ మొదలవుతుంది కనక ఆ పేరే సరైనది. అయినా వార్డులో మన నోటికి వచ్చేది బెడ్ సోరే. ఇళ్లల్లోనైతే "మంచాన పడ్డాడు, వీపంతా పుళ్లు పడ్డాయి" అంటారు.

నేను స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తలో మా ఆర్థో వార్డుకి తుంటి విరిగిన ఒక ముసలమ్మ వచ్చింది. పొలంలో ఎండకి కాగిన నల్లటి ఒళ్లు. మూడో రోజు పొద్దున ఒళ్లు తుడుస్తున్న ఆయా నన్ను కేకేసి, "సిస్టరమ్మా, ఇక్కడ కాలుతోంది, చెయ్యి పెట్టి చూడండి" అంది. నడుం దిగువన, ముడ్డిపూసకి కాస్త పైన. నేను టార్చి వేసి చూశాను. ఎర్రగా లేదు. ఎరుపు కనిపిస్తేనే మొదటి దశ అని చదువుకున్నాను. చెయ్యి మాత్రం పెట్టలేదు. కేస్ షీట్లో 'స్కిన్ ఇంటాక్ట్' అని రాసి సంతకం చేశాను. ఐదో రోజుకి అక్కడ వంకాయ రంగు మచ్చ తేలింది. మరో పది రోజులకి నా పిడికిలి పట్టేంత గొయ్యి పడింది. ఆ సంతకం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది.

తర్వాత తెలిసింది, ఎముకకీ పరుపుకీ మధ్య ముందు నలిగేది కండ. రక్తం అందకపోతే చర్మం కన్నా కండే ముందు చచ్చిపోతుంది. ఆ సంగతి పైకి రంగుగా తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మనం చదివిన పుస్తకాలు ఎక్కువగా తెల్లటి చర్మం ఉన్న రోగుల్ని చూసి రాసినవి. మన వార్డుల్లో చాలామందికి ఆ ఎరుపు కంటికి ఆనదు. చేతికి మాత్రం తెలుస్తుంది. పక్క చోటుతో పోలిస్తే వేడిగానో, తర్వాత చల్లగానో ఉంటుంది. గట్టిగా కొయ్యలాగానో, నానిన పిండిలాగానో తగులుతుంది. మాట రాని రోగి అయినా ముఖం చిట్లిస్తాడు. చేతులు కడుక్కుని, వేళ్ల వెనక భాగం ఆనించి చూడండి. వీపు ఒక్కటే కాదు. మడమలు, తుంటి, తల వెనక భాగం, ఆక్సిజన్ మాస్కు ఒరిసే ముక్కు దూలం, రైల్స్ ట్యూబు తగిలే ముక్కు అంచు కూడా చూడాలి.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో అచ్చయిన తన నర్సింగ్ పుస్తకంలో, రోగికి పడక పుండు పడితే అది చాలావరకు జబ్బు తప్పు కాదు, నర్సింగ్ తప్పు అన్నారు. ఈ మాట మన చేత వల్లె వేయించారు, పుండు పడిన ప్రతిసారీ మన మీదికి విసిరారు. అదే పుస్తకం మొదట్లోనే ఆమె ఇంకో సంగతి చెప్పారు. భవనం, శుభ్రత, పాలన, ఈ ఏర్పాట్లు సరిగా లేకపోతే నర్సింగ్ చెయ్యడమే కుదరదని. ఈ సగం మనకి ఎవరూ వల్లె వేయించలేదు. నేను ఇవాళ అడుగుతున్నది ఈ రెండో సగం గురించే.

లెక్క చూడండి. రాత్రి వార్డులో తమంతట తాము కదల్లేని, రెండు గంటలకోసారి తిప్పాల్సిన రోగులు పన్నెండు మంది. ఒకరిని పక్కకి తిప్పి, దుప్పటి ముడతలు సరిచేసి, తలగడ పెట్టడానికి ఇద్దరు మనుషులు, ఐదు నిమిషాలు కావాలి. అంటే ప్రతి రెండు గంటల్లో ఆ ఇద్దరు మనుషులకీ ఒక గంట తిప్పడానికే పోతుంది. మిగిలిన గంటలో ఇంజెక్షన్లు, సెలైన్లు, కొత్త అడ్మిషన్లు, పోయినవాళ్ల కాగితాలు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం జనరల్ వార్డులో, బోధనాసుపత్రిలోనైతే ముగ్గురికి ఒక నర్సు, మిగతా చోట్ల ఐదుగురికి ఒకరు ఉండాలి. రాత్రి నలభై మందికి ఇద్దరే డ్యూటీ చేసిన వార్డులో నేనూ చేశాను. అలాంటి చోట టర్నింగ్ చార్టు ఎలా నిండుతుందో మీకు తెలుసు. తెల్లవారుజామున ఐదింటికి, ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, పన్నెండు గంటలదీ ఒక్కసారే నిండుతుంది. అది రాసే పిల్లని నేను తిట్టను. అలా రాయక తప్పని స్థితికి తెచ్చినవాళ్లని అడుగుతాను.

చాలినన్ని చేతులుంటే ఏం జరుగుతుందో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ చూపించారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపూస విరిగిన సైనికుల వార్డు ఆయన చేతికి వచ్చింది. పుళ్లతో, మూత్రపు ఇన్ఫెక్షన్లతో పోతారని అందరూ ఆశ వదులుకున్న మనుషులు. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి వాళ్లని తిప్పించారు. ఆ ఆసుపత్రి ఆవరణలోనే 1948లో చక్రాల కుర్చీల్లో ఆటల పోటీలు మొదలయ్యాయి, పారాలింపిక్స్‌కి మూలం అవే. ఇప్పుడు మంచి ఫోమ్ పరుపు ఉంటే కొందరికి మూడు, నాలుగు గంటలకోసారి తిప్పినా సరిపోతుందని అమెరికా, కెనడా నర్సింగ్ హోముల్లో చేసిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. మే నెలలో, రెక్సిన్ తొడుగు మీద చెమటలో నానుతున్న మన రోగికి దాన్ని వర్తింపజేయకండి.

మాకు నేర్పించినవి కొన్ని ఇప్పుడు మానాలి. బ్యాక్ కేర్ అంటే స్పిరిట్ పూసి, పౌడర్ చల్లి, ఎముక మీద గట్టిగా రుద్దడం అని నేర్చుకున్నాం. ఎంతో ప్రేమగా రుద్దాం. స్పిరిట్ చర్మాన్ని ఎండగడుతుంది, రుద్దితే నలిగిన కండ ఇంకా నలుగుతుంది. గాలి రింగు వద్దు. మడమ కింద నీళ్లు నింపిన గ్లవ్ అసలే వద్దు. పిక్క పొడవునా తలగడ పెడితే మడమ గాలిలో తేలుతుంది, అంతే కావాలి. పక్కకి తిప్పేటప్పుడు తొంభై డిగ్రీలు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీదికి వస్తుంది, ముప్పై చాలు. గాలితో నిండే ఆల్ఫా బెడ్ వేశాం కదా అని తిప్పడం మానకండి. పైకి జరిపేటప్పుడు చంకల్లో చేతులు వేసి లాగకండి, డ్రా షీటుతో ఎత్తండి.

పుండు పడే ముప్పుని లెక్కగట్టే బ్రేడెన్ స్కోరు పద్దెనిమిదో, అంతకన్నా తక్కువో అయితే ప్రమాదమని మీకు చెప్పక్కర్లేదు. కుర్చీలో కూర్చుని నిన్నటి అంకెనే ఇవాళా వెయ్యకండి, అంతే.

తిండి సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి. "పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు వద్దు" అని మన ఇళ్లల్లో పథ్యం పెడతారు. పుండు మానాల్సిన మనిషికి చారు అన్నం మిగులుతుంది. కిలో బరువుకి ఒకటింపావు నుంచి ఒకటిన్నర గ్రాముల ప్రొటీన్ కావాలి. యాభై కిలోల మనిషికి రోజుకి సుమారు అరవై రెండు నుంచి డెబ్బై ఐదు గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరుని అడగండి, లేకపోతే కోడలికో కొడుక్కో కూర్చోబెట్టి చెప్పండి. "అమ్మా, పప్పు మానొద్దు, ఆ పుండు పూడేది దానితోనే" అనండి. డిశ్చార్జి కాగితం కన్నా ఆ మాటే ఇంటిదాకా వెళ్తుంది.

పుండు పడ్డాక చేసేదాని గురించి మధ్యాహ్నం సర్జన్లు మాట్లాడతారు. నేను రెండే చెబుతాను. మానుతున్న ఎర్రటి కండ మీద రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యకండి, సెలైన్ నీళ్లు చాలు. చీము, వాపు లేని మడమ మీద ఎండిన నల్లటి పక్కుని కోసెయ్యాలని తొందరపడకండి.

నర్సింగ్ సూపరింటెండెంట్లని ఒకటి కోరుతున్నాను. కొత్త పుండు చూసి చెప్పిన సిస్టర్‌కి ఆ రోజు మెమో ఇవ్వకండి. మెమో భయంతో దాచిన పుండు నాలుగో దశకి చేరాకే బయటపడుతుంది. ఆ రాత్రి ఎంతమంది రోగులకి ఎంతమంది డ్యూటీలో ఉన్నారో అదే కాగితం మీద రాయించండి. డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ రోగిని తిప్పి, ఇద్దరూ చెయ్యి పెట్టి చూసే అలవాటు చెయ్యండి. ఆయాని కూడా పిలవండి. నాకంటే ముందు కనిపెట్టింది ఆవిడే.

పక్క గదిలో ఒక మంచం, రెక్సిన్ పరుపు, రెండు తలగడలు పెట్టించాను. భోజనాలయ్యాక విద్యార్థినులు అక్కడికి రండి. తిప్పడం తర్వాత నేర్పిస్తాను. ముందు ఒక్కొక్కరూ ఇరవై నిమిషాలు వెల్లకిలా, కాలి వేలు కూడా కదపకుండా పడుకోవాలి.