బోదవ్యాధియు దేహములోని వార్తాహరులును
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



బోదకాలు మన తెలుగుదేశమునకు క్రొత్త వ్యాధి కాదు. గోదావరీ కృష్ణా పల్లపుసీమలందును, ఉత్తర సముద్రతీరమునను, తెలంగాణములోని పెక్కు మండలములందును మన పెద్దలు దీని నెరిగియే యుండిరి. కాలు చూచి రోగిని గుర్తించుట మన యలవాటు. వాచిన కాలు కనబడగానే, వీని యొంట పురుగులున్నవి, వీనివలన మనకును సోకునని వెనుదీయుదుము. సన్నని కాళ్లతో చురుకుగా నడచువానిని ఆరోగ్యవంతుడందుము. ఈ రెండు తలంపులును చాలవరకు తలక్రిందులని గత యేబదియేండ్ల పరిశోధనలు చెప్పుచున్నవి. నడిరేయి నెత్తుటిచుక్క తీసి సూక్ష్మదర్శినిక్రింద చూచినపుడు పిల్లపురుగులు గుంపులుగా గానవచ్చునది తరచుగా ఏ చిహ్నమును లేనివాని రక్తముననే. ఏండ్లతరబడి బోదకాలితో కుములువాని రక్తమున నవి తరచుగా కానరావు. ఇట్లేల జరుగును? దీనికి సమాధానము సగము పురుగునందును, సగము మన దేహము తనలో తాను పంపుకొను వర్తమానములందును గలదు. ఆ రెండవ సగమును గూర్చియే నేడు మనవి చేయదలచితిని.

పురుగును గూర్చి క్లుప్తముగా చెప్పి ముందుకు పోయెదను. మనదేశమున దీనికి మూలము ఉకరేరియా బాంక్రాఫ్టి యను నూలుపోగువంటి క్రిమి. ఆడుపురుగు మూడు నాలుగంగుళముల పొడవుండును. మగది అందులో సగము. దేహమునం దూరిన నీటిని మరల నెత్తుటిలో చేర్చు శోషరసనాళములు దీని కాపురపుచోటు. అచ్చట ఆరేడు సంవత్సరములు బ్రతికి, లక్షలకొలది పిల్లలను కనును. ఆ పిల్లలు రాత్రివేళ రక్తమున సంచరించును. మురుగుగుంటలలో పుట్టు క్యూలెక్సు దోమ ఆ రక్తమును త్రావి, వానిని తనలో పెంచి, మరియొకనికి చేర్చును. దోమకడుపున ఈ పురుగు పెరుగునని 1877లో చైనాదేశపు అమాయ్ పట్టణమున పాట్రిక్ మాన్సను కనిపెట్టెను.

మూడంగుళముల పరదేశి ఒకడు మనలో ఆరేడేండ్లు కాపురముండి సంసారము సాగించుచుండగా, చిన్న ముల్లు గ్రుచ్చుకొన్నను చీము పట్టించి వెళ్లగొట్టు మన దేహము ఏల యూరకుండును?

మన నెత్తుటిలోని తెల్లకణములు ఒకదానితో నొకటి మాటలాడుకొనును. నోటితో కాదు, అతిసూక్ష్మములగు మాంసకృత్తులను విడుచుటచేత. వీనికి శాస్త్రజ్ఞులు సైటోకైనులని పేరిడిరి. నాకు వార్తాహరులను మాట రుచించినది. వీనిలో ముందుగా తెలిసినవానిలో నొకటి 1957లో లండనునందు ఐజాక్సు, లిండెన్‌మాను అనువారలు కనుగొన్న ఇంటర్‌ఫెరాను. తరువాత దొరకినవి పెక్కు గాగా, 1979లో స్విట్జర్లాండునందలి యొక సభలో ఇంటర్‌ల్యూకినులను నామము నిర్ణయించి, వానికి వరుస అంకె లిచ్చుట యారంభించిరి. 1986లో మోస్మాను, కాఫ్‌మాను అను పండితులు ఎలుకల తెల్లకణములను పరిశీలించి, సహాయకణములు రెండు తెగలని చూపిరి. ఒక తెగ గామా ఇంటర్‌ఫెరానును పంపి, కణములలోపల దాగిన శత్రువులపై దండెత్తించును. రెండవ తెగ నాలుగవ ఇంటర్‌ల్యూకినును, అయిదవ ఇంటర్‌ల్యూకినును పంపును. అయిదవది ఇయోసినోఫిలు లను తెల్లకణములను సమీకరించును. పురుగులపై పోవు సైన్య మిదియే.

కేక వేయువాడు మాత్రమే యున్న చాలదు. ఊరిలో దొంగలు పడిరని తలారి యరచినపుడు జనులు కఱ్ఱలు పట్టుకొని వత్తురు. ఇక చాలు, ఇండ్లకు పొండని చెప్పువా డొకడు లేకున్న, చీకటిలో ఒకరి నొకరు కొట్టుకొనెదరు. మన దేహమున ఆ పని చేయువానిలో ముఖ్యుడు పదవ ఇంటర్‌ల్యూకిను. 1989లో దీనిని కనుగొన్నవారు, ఇతర వార్తాహరుల పుట్టుకను అడ్డగించునది యని యర్థ మిచ్చు పేరుతోనే దీనిని లోకమునకు తెలిపిరి.

బోదపురుగు బ్రతుకంతయు ఈ 'చాలు' అను మాటపై నాధారపడియున్నది. 1977లో అట్టిసను అను వైద్యుడును అతని సహచరులును పసిఫిక్ సముద్రమునందలి మావుకే ద్వీపవాసుల తెల్లకణములను పరీక్షించి యొక విచిత్రమును ప్రకటించిరి. రక్తమున పిల్లపురుగులు గలవారి కణములు ఇతర పదార్థములకు చక్కగా బదులు పలికెను. పురుగుసారము కలిపినపుడు మాత్రము మౌనము వహించెను. అనగా వారి రక్షణశక్తి దుర్బలము కాలేదు. ఆ యొక్క శత్రువు విషయమున మాత్రము నోరు కట్టబడినది. 1990 తరువాత జరిగిన పరిశోధనలలో అట్టివారి కణములు పదవ ఇంటర్‌ల్యూకినును మెండుగా విడుచుచున్నవని తేలెను. పరీక్షనాళికలో దాని నడ్డగించినపుడు నిద్రించిన కణములు కొంతవరకు మేల్కొనెను. పిల్లపురుగులు గల తల్లి గర్భమున పెరిగిన బిడ్డలు పెద్దవారైన తరువాతను ఈ పురుగునెడ మెత్తగానే యుందురని అదే ద్వీపమున గమనించిరి.

అంతకన్న వింత యొకటి గలదు. ఈ పురుగునకు దాయాది యగు బ్రూగియా మలయి మన వార్తాహరులను బోలు మాంసకృత్తులను తానే తయారుచేయును. దొంగ తలారిగొంతుతో, అంతయు క్షేమమే, పండుకొనుడని కేక వేసినట్లున్నది. మన కథలలోని ఏ గజదొంగకును ఇంత నేర్పు లేదు.

ఈ మౌనము పురుగునకే మేలని తలపరాదు. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులలో పదివేలకు మించినవారికి ఈ వ్యాధి సోకెను. వారి దేహములు ఈ పురుగును మునుపెన్నడు నెరుగనివి. కొలది మాసములకే కాళ్లుచేతులు వాచి, గ్రంథు లుబ్బి, బీజములు నొచ్చి బాధపడిరి. అయినను వారి రక్తమున పిల్లపురుగులు దాదాపు కానరాలేదు. ఆ దీవులలో పుట్టిపెరిగిన వారిలో పలువురు నెత్తుటినిండ పిల్లపురుగులతో నిశ్చింతగా తిరుగుచుండిరి.

కేక మితిమీరిన నేమగునో మన మదనపల్లెయే సాక్ష్యము. అచ్చటి ఆరోగ్యవరపు క్షయచికిత్సాలయమున ఫ్రిమోట్ మొల్లరు, బార్టను అను వైద్యులు 1940లో క్షయను బోలిన యొక వ్యాధిని వర్ణించిరి. రాత్రులందు వదలని దగ్గు, ఆయాసము, ఛాయాచిత్రమున ఊపిరితిత్తులపై మచ్చలు గలవు, కాని కఫమున క్షయక్రిములు లేవు. రక్తమున ఇయోసినోఫిలులు మాత్రము విపరీతముగా పెరిగియుండెను. 1943లో వైన్‌గార్టెను దానికి ఉష్ణమండల ఇయోసినోఫిలియా యని పేరిడెను. అది బోదపురుగు పిల్లలపై దేహము పెట్టిన పెనుకేక యని తరువాత స్పష్టమయ్యెను. ఆ రోగుల రక్తమున పిల్లపురుగులు దొరకవు. ఊపిరితిత్తులలో చిక్కుకొని నశించును, వానితోపాటు ఊపిరితిత్తులును చెడును. రాత్రి దగ్గును ఉబ్బసమని యెంచి ఏండ్లు గడపువారు ఈ మాట జ్ఞప్తియం దుంచుకొన వలెను.

ఇక కాలివాపు. కొందరిలో ఆ మౌనము భగ్నమగును. గామా ఇంటర్‌ఫెరాను మొదలగు తీవ్ర వార్తాహరులు విజృంభించును, పురుగులు చచ్చును, నాళములు వాచి సాగి కవాటములు చెడును. నీరు పైకి పోజాలక కాలున నిలుచును. వ్రేళ్లసందుల పగుళ్లగుండ సూక్ష్మజీవులు చొచ్చి మాటిమాటికి జ్వరము, ఎఱ్ఱవాపు తెచ్చును. ప్రతి జ్వరమునకును కాలు మరికొంత లావగును. కావున బోదకాలు పెక్కుచోట్ల ముగిసిన యుద్ధపు శిథిలమే గాని, సాగుచున్న యుద్ధము కాదు. ముట్టుకొనిన నది సోకదు. వంశపారంపర్యముగా బిడ్డలకు రాదు. పెండ్లిచూపులలో కోడలి పాదమును తేరిపార జూచి, సంబంధము వలదని లేచిపోవు పెద్దలు, తమ కుమారుని రక్తమును నడిరేయి పరీక్షింపించిరా యని నే నడుగుదును.

ఆ కుమారుడు నిజముగా క్షేమమా యన్న, అదియు కాదు. ఏ బాధయు లేని పిల్లపురుగులవారి నాళములు కూడ లోపల సాగి వంకరలై యున్నవని 1994లో బ్రెజిలునందు చిత్రములు తీసి చూపిరి. కేక లేదని ఇల్లు భద్రమనరాదు.

ఈ వ్యాధికి వాడు మందు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలువడినది. 1947లో హెట్రజాను పేర వచ్చిన డైఇథైల్ కార్బమజీను అదియే. గోదావరీతీరపు బోదకాళ్ల నెరిగిన సీమలో పుట్టినవాని చేతిమీదుగా ఈ మందు వచ్చుట నాకు గర్వకారణము. ఈ మందుగుణ మొకటి మన విషయమునకు మిక్కిలి దగ్గర. గాజునాళికలోని పిల్లపురుగులపై దీని ప్రభావ మత్యల్పము. దేహములోనికి పోయినపుడు మన తెల్లకణముల సాయముతోనే వానిని త్వరగా తొలగించును. ముసుగు జారిన పురుగులు గుంపులుగా చచ్చినపుడు వార్తాహరులు ఒక్కుమ్మడి లేతురు. జ్వరము, తలనొప్పి, ఒడలినొప్పులు, కన్నుతిరుగుట కలుగును. నెత్తుట పిల్లపురుగు లెంత యధికమో ఈ బాధ యంత యధికము. సాధారణముగా రెండుమూడు దినములలో తగ్గును.

మాత్రలపంపిణీ చెడునది ఇచ్చటనే. 2004 మొదలు మనదేశమున డైఇథైల్ కార్బమజీనును, 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిను కూడ చేర్చి, ఊరివారందరికి మ్రింగించు ప్రయత్నము జరుగుచున్నది. గర్భవతులకును, రెండేండ్లలోపు బిడ్డలకును, తీవ్రరోగపీడితులకును ఈయరు. తక్కినవారిలో, నాకేమి రోగమని మాత్రను కొంగున కట్టుకొని పోయి పారవేయువారు పలువురు. ఒకనికి జ్వరము వచ్చిన, మందు చెడ్డదని వీధి వీధియే మానివేయును. ఆ జ్వరము అతని నెత్తుట పురుగులున్నవనుటకు తరచుగా నిదర్శనము. ఈ సభలోని పెద్దలు, దాతలు, తమ వీథిలో మాత్రలు వచ్చిననాడు అందరియెదుట తామే ముందుగా మ్రింగి, మరునాడు జ్వరము వచ్చినవాని యింటికి పోయి, ఇది పురుగులు చచ్చుటవలననే యని చెప్పిన చాలును. కరపత్రములు వేయికన్న ఆ మాట పనిచేయును.

కాలు వాచియున్నవారికి మాత్రతో కాలు తగ్గునని ఆశపెట్టరాదు. వారికి కావలసినది సబ్బు, శుభ్రమైన నీరు, మెత్తని గుడ్డ. దినదినమును పాదము కడిగి, వ్రేళ్లసందులు తడిలేకుండ తుడిచి, పగుళ్లకు లేపము రాసి, చెప్పులు తొడిగి నడువవలెను. కూర్చున్నపుడును పండుకొన్నపుడును కాలు ఎత్తున నుంచవలెను. ఇట్లు చేసినవారికి జ్వరపు దెబ్బలు తగ్గునని నిశ్చయముగా తెలిసినది. జ్వరము వచ్చినపుడు మాత్రము కాలిని పిసుకక, చల్లని తడిగుడ్డ వేసి, ఆ దినముననే వైద్యునికి కబురంపవలెను.